బుడిపె గిల్లి చూడండి

విత్తి నలభై రోజులైన వేరుశనగ చేను. అనంతపురం వైపు ఎర్రనేల. మొన్నటి వాన పదును ఇంకా ఆరలేదు. రైతమ్మ ఒక చెట్టు పీకి, వేళ్లకంటిన మట్టిని మెల్లగా విదిలించింది. పిల్లవేళ్లు చీలిన చోటల్లా ఆవగింజంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో గిల్లి నా అరచేతిలో పెట్టింది. లోపల లేత గులాబీ రంగు.

“తెల్లగుంటే ఉత్తదే సార్. ఇట్ల ఎర్రగుంటేనే పని చేస్తాండేది” అంది.

ఆ పని రైజోబియం కోవకు చెందిన బ్యాక్టీరియాది. ఆ ఎరుపు మన నెత్తుటి ఎరుపుకు దగ్గరి చుట్టం, పేరు లెగ్‌హిమోగ్లోబిన్. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. దాన్ని అమ్మోనియాగా మార్చే ఎంజైము బ్యాక్టీరియా దగ్గరుంది. ఆ ఎంజైముకేమో ఆక్సిజన్ తగిలితే పాడైపోయే గుణం. బ్యాక్టీరియాకేమో ఆక్సిజన్ లేనిదే ఊపిరాడదు. లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా మాత్రమే వదులుతూ రెంటికీ సర్దుబాటు చేస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీలో ఇదే పనికి నాలుగొందల డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. ఇక్కడ నేల వెచ్చదనమే సరిపోతోంది. ఈ బ్యాక్టీరియాను 1888లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ విడదీసి పెంచి చూపాడు. కంది, అలసంద వేసిన చేలో మరుసటి పంట బాగుంటుందన్న సంగతి మాత్రం రైతులకు అంతకు ఎంతో ముందే తెలుసు.

ఇదేమీ ఉచిత సేవ కాదు. ఆకులు వండిన చక్కెరలో బుడిపెకు వాటా పోతుంది. అందుకే నేలలో నత్రజని దండిగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించుకుంటుంది. పక్కచేను పచ్చగా కనబడితే మనసాగక వేరుశనగకు పైపైన యూరియా చల్లే రైతును నేను తప్పుపట్టలేను. కానీ ఆ యూరియాతో బుడిపె పని తగ్గిపోతుందని అతనికి చెప్పినవారెవరు? నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

భాస్వరం కథ వేరు. అది నేలలో పెద్దగా కదలదు. వేరు తన చుట్టూ ఉన్నది తినేశాక అక్కడ కరువే. అప్పుడు మైకోరైజా శిలీంద్రం ఆదుకుంటుంది. నూలుపోగుకన్నా సన్నని దారాలను వేరు చేరలేని చోటికి చాచి భాస్వరం, జింకు తెచ్చిపెడుతుంది. మొక్కలకూ వీటికీ పొత్తు కుదిరి 40 కోట్ల ఏళ్లు దాటింది. పదే పదే లోతు దుక్కి చేస్తే ఈ దారాలు తెగిపోతాయి. నెలల తరబడి నేల బీడుగా ఎండితే తిండిలేక చచ్చిపోతాయి.

ఇలాంటి సూక్ష్మజీవులను పొడి రూపంలో ప్యాకెట్లలో అమ్ముతారు. ప్యాకెట్ కొనడంతో పని అయిపోయిందనుకోవడం పొరపాటు. అందులో ఉన్నవి ప్రాణులు. రేకుల షెడ్డులో మే ఎండకు ఉడికిన ప్యాకెట్, గడువు దాటిన ప్యాకెట్ పూసినా బూడిద పూసినా ఒకటే. రైజోబియంను చల్లారిన బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి, వెంటనే విత్తాలి. తెగులు మందు పట్టించేదుంటే అది ముందు, రైజోబియం చివర. మేలు చేసే శిలీంద్రం ట్రైకోడెర్మా అయితే రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీళ్లు చల్లి, గోనెసంచి కప్పి వారం పది రోజులు నీడన ఉంచాలి. అది బాగా పెరిగాకే చేలో వేయాలి. ఎండుతెగులు తెచ్చే శిలీంద్రాలను అది చుట్టుకుని తినేస్తుంది.

ఇంతా చేసి నేలలో సేంద్రియ పదార్థం లేకపోతే ఇవన్నీ ఎన్నాళ్లు బతుకుతాయి? ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయంలో నాకు బాగా నచ్చింది ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం కన్నా, పలు రకాల విత్తనాలు కలిపి చల్లే నవధాన్యాల సాగు. మట్టి, ఘనజీవామృతం, బూడిద పట్టించిన విత్తనాలను తొలకరికి ముందే పొడినేలలో చల్లుతారు. నేల ఖాళీగా ఉండే రోజులు తగ్గుతాయి.

ఆ రైతమ్మ చేసింది కూడా అదే. వేసవిలో మొలిచిన అలసంద, జనుము కోసి ఒక మూల పరిచి ఉంచింది. ఆ ఆకు ఎత్తి చూశాను. కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. కుళ్లుతున్న కాడల మీద తెల్లటి బూజు దారాలు అల్లుకుంటున్నాయి. వంగి చూస్తుంటే ఆమె నా చేతిలోంచి ఆకు తీసుకుని, “ఎండ తగుల్తాది సార్” అంటూ మళ్లీ కప్పేసింది.