రసాయనశాస్త్రమందలి త్రైరాశికము

గణితపు తరగతిలో త్రైరాశికమును అవలీలగా చేయు విద్యార్థులే రసాయనశాస్త్రపు లెక్క కనబడినంతనే కలము క్రింద పెట్టుట మేము పెక్కు సంవత్సరములుగా చూచుచున్నాము. ఈ భయమునకు కారణము లెక్క కాదు. లెక్కకు ముందు చేయవలసిన ఆలోచనను విడిచిపెట్టుటయే.

ఒకనాడు మేము తరగతిలో "నూరు కిలోల సున్నపురాయిని కాల్చినచో ఎంత సున్నము వచ్చును?" అని అడిగితిమి. అనేకులు "నూరు కిలోలే" అనిరి. వెనుక బల్లమీదనుండి ఒక బాలుడు లేచి, "కాదండీ! మా నాయన సున్నపు బట్టీలో పనిచేయును. రాయి ఎక్కించినప్పటి బరువు సున్నము దించునప్పుడు ఉండదు, సగమునకు కొంచెము ఎక్కువగా మాత్రమే మిగులును" అనెను. పరీక్షలలో తరచుగా తప్పుచుండిన ఆ బాలుడే ఆ దినమున మాకందరకును గురువయ్యెను.

పోయిన బరువెక్కడ? రసాయన మార్పునందు పదార్థము క్రొత్తగా పుట్టదు, నశింపదు అని ఫ్రాన్సు దేశీయుడగు లవాయిజే 1789లో ప్రకటించిన తన గ్రంథమున వివరించెను. కావున అది ఎక్కడనో ఉండితీరవలెను. సున్నపురాయి కాల్షియము కార్బొనేటు. కాలినపుడది కాల్షియము ఆక్సైడు అను పొడిసున్నముగను, కార్బన్ డైఆక్సైడు అను వాయువుగను విడిపోవును. వాయువు కంటికి కనబడక గాలిలో కలిసిపోవును.

ఇక పరమాణు భారములను కూడుదము. కాల్షియము 40, కార్బను 12, ఆక్సిజను 16. రాయిలో ఆక్సిజను పరమాణువులు మూడు గనుక 40, 12, 48 కలిసి 100. సున్నము 40, 16 కలిసి 56. వాయువు 12, 32 కలిసి 44. 56, 44 కలిసి మరల 100 అయినవి. బాలుని మాట నిజమే! ఇట్లు కూడగా వచ్చిన భారమును గ్రాములలో తూచినచో దానిని ఆ పదార్థపు ఒక మోలు అందురు.

మిగిలినది త్రైరాశికమే. 250 కిలోల శుద్ధమైన రాతినుండి ఎంత సున్నము వచ్చును? 100కు 56 అయిన, 250కి 140 కిలోలు. వాయువు 110 కిలోలు. రెండును కలిపి సరిచూచుకొనుడు.

మరియొక చిక్కు కలదు. 4 గ్రాముల హైడ్రొజనును 4 గ్రాముల ఆక్సిజనుతో మండించిన ఎంత నీరు వచ్చును? తొందరపడి 8 అనకుడు. ముందుగా సమీకరణమును సరితూచవలెను. రెండు హైడ్రొజను అణువులు, ఒక ఆక్సిజను అణువు కలిసి రెండు నీటి అణువులగును. అనగా 4 భాగముల హైడ్రొజనునకు 32 భాగముల ఆక్సిజను కావలెను. మనయొద్ద ఆక్సిజను 4 గ్రాములే గనుక అది అర గ్రాము హైడ్రొజనుతో మాత్రమే కలియును. నీరు 4.5 గ్రాములు; మిగిలిన హైడ్రొజను 3.5 గ్రాములు. పదిమంది అతిథులు వచ్చినను విస్తళ్లు ఆరే యున్నచో, ఒక పంక్తిని ఆరుగురే కూర్చుందురు గదా!

సరితూచునపుడు పదార్థపు సంకేతమునకు ముందు అంకె వేయవచ్చును గాని, సంకేతములోని అంకెను మార్చరాదు. మార్చినచో పదార్థమే మారిపోవును.

విద్యార్థులారా! సమీకరణము, భారములు, త్రైరాశికము, తుదకు సరిచూచుట: ఈ నాలుగు మెట్లును వరుసగా ఎక్కుడు. మీ యింటి పనిలో మీరు కన్నదానిని బడి గుమ్మమువద్ద విడిచి రాకుడు. శాస్త్రమునకు అదియు సాక్ష్యమే.