గోల్ కొట్టనివారి గొప్ప



మొన్న సాయంత్రం మా చిన్నవాడు ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. ఏమిట్రా అంటే, "ఫుట్‌బాల్‌లో నన్ను వెనక నిలబెట్టారమ్మా, ఇంక గోల్ ఎలా కొడతాను?" అని ఏడుపు. నాకా ఆట అంతగా తెలియదు. మావారిని అడిగాను, పాత పుస్తకాలు తిరగేశాను. తెలిసిన సంగతులు మీకూ చెబుతాను.

గోల్‌కీపరుకు ముందు నిలబడి, అవతలివాళ్ళు బంతి తెచ్చేదారిని మూసేవాళ్ళను బ్యాక్ ఆటగాళ్ళంటారు. వాళ్ళు తొందరపడి మీదికి ఉరకకూడదు. ఎదుటివాడు ఎటు తిరుగుతాడో కనిపెట్టి, అదను చూసి బంతి లాక్కోవాలి, తలతో కొట్టి దూరంగా పంపాలి. గంటన్నర ఆటలో ఎనభైతొమ్మిది నిమిషాలు బాగా కాపు కాసినా ఎవరికీ పట్టదు. ఒక్క నిమిషం ఏమరితే ఊరంతా తిడుతుంది. మన వంటిల్లు గుర్తొస్తోంది కదూ? రోజూ బాగున్న పప్పును ఎవరూ మెచ్చుకోరు గాని, ఒక్కనాడు ఉప్పు ఎక్కువైతే అందరికీ తెలుస్తుంది!

శైలేన్ మన్నా గారి సంగతే చూడండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. ఆనాడు మనకు దొరికిన రెండు పెనాల్టీలూ వృథా అయ్యాయి. అందులో ఒకటి కొట్టింది మన్నాగారే. మరొకరైతే కుంగిపోయేవారు. ఆయన 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో జట్టుకు నాయకుడై స్వర్ణ పతకం తెచ్చారు. ఆ పోటీల్లో మనం ఆడిన మూడు ఆటల్లోనూ అవతలివాళ్ళకు ఒక్క గోలూ దక్కలేదు! 1942 నుంచి 1960 దాకా మోహన్ బగాన్ జట్టుకే ఆడారు. 1971లో పద్మశ్రీ అందుకున్నారు. 2012లో కన్నుమూశారు.

జర్నైల్ సింగ్ దేశ విభజన నాడు చిన్నవాడుగా లయల్‌పూర్ ప్రాంతం నుంచి ఇవతలికి వచ్చినవారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా తల పగిలి కుట్లు పడ్డాయి. అప్పటి శిక్షకుడు మన హైదరాబాదుకు చెందిన రహీం గారు. ఆయన వెనక ఆడే ఈ మనిషిని సెమీఫైనల్‌కు ముందు వరసలోకి పంపారు. ఆ ఆటలోనూ గోల్ కొట్టారు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. జర్నైల్ పేరు చెప్పగానే అందరూ ఆ గోలే చెబుతారు. ఆయన ముందుకు వెళ్ళిన ఆ రోజు వెనక కాపు కాసిన అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగుల పేర్లు ఎందరికి గుర్తున్నాయి? నాకూ మొన్నటిదాకా తెలియవు.

మన హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్ గారూ బ్యాక్ ఆటగాడే. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లకు ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన నాయకత్వంలోనే మనకు కాంస్యం వచ్చింది. అదే ఏడు అర్జున అవార్డు. ఆట మానాక శిక్షకుడై జాతీయ జట్టును తీర్చిదిద్దారు. 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. అర్జునుడూ ఆయనే, ద్రోణుడూ ఆయనే అన్నమాట!

ఇవన్నీ మావాడికి కథల్లా చెప్పాను. సగం విని, "అయినా గోల్ కొడితేనే కదమ్మా అందరూ చప్పట్లు కొడతారు" అన్నాడు. వాడన్నదీ నిజమే. అయితే ఆ తప్పులో మనకూ వాటా ఉంది. ఆడి వచ్చిన పిల్లవాణ్ణి "ఎన్ని గోల్స్ కొట్టావురా?" అనే అడుగుతాం. నేనూ ఇన్నాళ్ళూ అదే అడిగాను. మర్నాడు మాత్రం, "ఇవాళ ఎన్ని ఆపావురా?" అని అడిగాను. వాడు ఒక క్షణం ఆలోచించి, వేళ్ళు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. అన్నం చల్లారిపోతున్నా ఆ లెక్క తెమలలేదు.

మీ ఇంట్లోనూ ఒకసారి అలా అడిగి చూడండి. సెలవు.