ఒక యంత్రము, పలు కాపురములు

నాగార్జునసాగరము కుడికాలువ 1967లో పాఱనారంభించిన పిదప, కాగితముపై వ్రాసిన నీరు వేఱు, పొలమునకు చేరిన నీరు వేఱు అని పలనాటి రైతునకు ఒకరు చెప్పనక్కఱ లేకపోయినది. ఎగువ తూములు తెఱచియుండగా కాలువ చివరి భూములు ఎండును. నేడు నేను చెప్పబూనినది కంప్యూటరు సంగతియే యైనను అందలి చిక్కు ఇట్టిదే.

ఒక పెద్ద కంప్యూటరులో పలు చిన్న కంప్యూటర్లు కాపురముండునట్లు చేయు విద్య కలదు. ఐ.బి.యం. సంస్థ 1972లోనే ఇట్టి ఏర్పాటును వీ.యం./370 అను పేర ప్రకటించెను. నిజమైన యంత్రము హోస్టు; అందు కాపురముండునవి వర్చువల్ మెషీన్లు. హోస్టు తన ప్రాసెసరును క్షణమున కొకదానికి చొప్పున వంతులు వేయగలదు. మెమరీ అట్లు కాదు. ఒకటి పట్టిన చోటు అది విడుచువఱకు వేఱొకదానికి దక్కదు.

నరసరావుపేటలో ఒక కళాశాలకు 64 గిగాబైట్ల మెమరీగల హోస్టు కలదనుకొందము. ఆఱు మెషీన్లకు తలకు 16 చొప్పున వ్రాసియిచ్చిరి. మొత్తము 96. లేని 32 ఎచ్చటనుండి వచ్చినవి? అన్నియు ఒక్కమాఱు అడుగవను నమ్మకమునుండి. మామూలు దినములలో ఆ నమ్మకము నిలుచును. పరీక్షాఫలితముల నాడు నిలువదు. అప్పుడు హోస్టు కొన్ని మెమరీ పుటలను డిస్కుపైకి నెట్టును. మంచి డిస్కు సైతము మెమరీకంటె వందల రెట్లు, ఒక్కొక్కప్పుడు వేల రెట్లు మందము. ఫలితమునకై కాచుకొన్న విద్యార్థి యెదుట తెర కదలదు.

దీనికి వీయంవేర్ సంస్థలోని కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో ప్రకటించిన ఉపాయము చక్కనిది. ఏ పుట అక్కఱకు వచ్చునో బయటనున్న హోస్టునకు తెలియదు. లోపలి ఆపరేటింగ్ సిస్టమునకు తెలియును. కావున మెషీను లోపల ఒక చిన్న ప్రోగ్రామును ఉంతురు. అది బెలూనువలె ఉబ్బి మెమరీ కోరును. సిస్టము తనకు అంతగా పనికిరాని పుటలను తానే ఏఱి యిచ్చును. హోస్టు ఆ చోటును కొఱతలోనున్న మెషీనుకు మళ్లించును. వాడక అట్టిపెట్టుకొన్న మెమరీపై పన్నువంటిదియు ఆయన విధించెను. ముప్పది సెకనుల కొకమాఱు నూఱు పుటలను ఎంచి, వానిలో ఎన్ని వాడబడినవో చూచి, వాడకమును అంచనా కట్టుట ఆ పద్ధతి.

అయినను బెలూను కొత్త మెమరీని పుట్టింపదు, ఉన్నదానిని సర్దును. అన్ని మెషీన్లకును నిజముగా అక్కఱ కలిగినపుడు అదియు చేయునది లేదు. కావున నిర్వాహకులకు నా మనవి యిది. సగటు దినమును గాక, మిక్కిలి రద్దీగల దినమును కొలువుడు. ఆగరాని పనికి ముందుగా హామీ యిండు. పై కళాశాలలో ఫలితములు చూపు మెషీనుకును దాని డేటాబేసునకును 16 చొప్పున పూర్తి హామీ. హోస్టు తనకై 4. తక్కిన నాలుగింటికి 7 చొప్పున హామీ, ఆపై మిగిలిననాడు మిగిలినంత. సాధనతరగతుల మెషీను ఒక గడియ ఆగిన నష్టము లేదు.

ఎక్కువ వ్రాసియిచ్చుట ఔదార్యముగ తోచును. కాని ఇచ్చిన మాట అందఱును ఒక్కమాఱు అడిగిననాడే పరీక్షకు నిలుచును. ఆనాడు ఎవరికి తప్పక దక్కవలయునో ముందే నిర్ణయించుటయే పంపకము.