రన్‌వే లేని నేల మీద రాకెట్ మోత

గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో పొద్దున పూట ఎవరూ తలెత్తరు. ముందు రోజు సాయంత్రం మొగ్గ గిల్లి, గుర్తుకు ఎర్ర కాయితం తగిలించి పోయిన ప్రతి పువ్వుకూ ఎండ ముదరక ముందే మగపువ్వు రుద్దాలి. ఆలస్యమైతే కాయ పట్టదు. అట్లాంటి వేళ కూడా పనిని ఆపగలిగేది ఒక్కటే, పైనుంచి వచ్చే మోత. సాలులో ఉన్న పిల్లలు 'రాకెట్! రాకెట్!' అని అరుస్తారు. పెద్దలు నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తారు. మోత వచ్చిన చోట ఏమీ ఉండదు. దానికి చాలా ముందు, తెల్లటి గీత కొసన, మెరిసే చుక్క ఒకటి పోతూ ఉంటుంది.

పాలమూరులో పుట్టిన వాళ్లకు చిన్నప్పుడు ఆకాశంలో గీత గీసిందల్లా రాకెట్టే. అది బెంగళూరు పోయే ప్రయాణికుల విమానమా, వాయుసేన యుద్ధ విమానమా అన్న తేడా మాకు లేదు. పది కిలోమీటర్ల ఎత్తున ఇంజిన్లోంచి వచ్చే నీటి ఆవిరి అక్కడి చలికి మంచు రేణువులై ఆ గీత పడుతుందని వనపర్తిలో సైన్సు సారు చెప్పేదాకా, అది పొగేనని మా నమ్మకం. మా అవ్వ మాత్రం వేరే లెక్క చెప్పేది: 'పైన పోయేటోనికి మనం కనపడం బిడ్డా, కిందపడితేనే మనూరు పేరు అడుగుతడు.'

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, విమానాశ్రయం రాలేదు. అయినా జెట్ యుద్ధ విమానాలతో ఈ నేలకు సంబంధం లేదనలేం. ఆ సంబంధం విచిత్రమైనది.

వనపర్తి సంస్థానానికి సైన్యం అంటే మొదట గుర్రాలే. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేరుకు మూలమైన ఆఫ్రికన్ కావల్రీ గార్డులు వనపర్తి రాజా నిజాముకు ఇచ్చిన దళమని చెబుతారు. గుర్రాల తరవాత విమానాలొచ్చాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ నిజాం బ్రిటిష్ వాయుసేనకు డబ్బిచ్చాడు. అందుకు గుర్తుగా 110, 152, 253 నంబరు స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టుకున్నారు. 1940లో జర్మన్ విమానాలతో తలపడిన 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, 253వ స్క్వాడ్రన్ హరికేన్లు హైదరాబాద్ పేరు మోసినవే.

అసలు వింత ఆ తరవాతది. యుద్ధం అయ్యాక మూతపడ్డ ఆ రెండు స్క్వాడ్రన్లనూ 1954, 55లలో మళ్లీ తెరిచి జెట్లు ఇచ్చారు. 152కు మీటియర్ రాత్రి పోరాట విమానాలు, 253కు వీనమ్‌లు. అప్పటికి నిజాం పాలన పోయి ఆరేడేళ్లు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. అప్పటిదాకా రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపూర్ తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి. ఇక్కడ తాలూకా కచేరీల బోర్డులు మారుతుంటే, పటం మీద లేని రాష్ట్రం పేరుతో ఇంగ్లండులో జెట్లు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. 253 స్క్వాడ్రన్ 1957లో మూతపడింది. 152 మరుసటి ఏడాది జెట్లు వదులుకుంది.

ఆ మీటియర్ మామూలు విమానం కాదు, చంపడంలో. బ్రిటిష్ వాయుసేనలో దాదాపు 890 మీటియర్లు పోయాయి, 450 మంది పైలట్లు చనిపోయారు. 1953 ఒక్క ఏడాదే 145 పోయాయి. ఇంధనం గంటకు సరిపోదు. రెండు ఇంజిన్లలో ఒకటి ఆగితే విమానం ఒక పక్కకు లాగేస్తుంది. నేర్చుకునే కుర్రాళ్లతో కావాలని ఒక ఇంజిన్ ఆపించి దింపించే శిక్షణలోనే చాలామంది పోయారు.

మన దగ్గర ఆ అపకీర్తి మిగ్-21కు వచ్చింది. 1971-72 నుంచి 2012 ఏప్రిల్ దాకా మిగ్ రకాలన్నీ కలిపి 482 కూలాయని అప్పటి రక్షణ మంత్రి ఏకే ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 171 మంది పైలట్లు, 39 మంది మామూలు జనం చనిపోయారు. ఇంజిన్ ఒక్కటే, రెక్కలు కురచ, దిగేటప్పుడు వేగం గంటకు 300 కిలోమీటర్ల పైన. 1963లో వచ్చిన ఈ విమానానికి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు.

దాని ఎలక్ట్రానిక్ పరికరాలు తయారైంది హైదరాబాద్ బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో. వనపర్తి రాజమహల్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజులు దర్బారు చేసిన చోట డిప్లొమా చదివి, బాలానగర్ ఫ్యాక్టరీల గేటు ముందు వరసలో నిలబడిన పల్లెటూరి పిల్లలు మా తరంలో ఎందరో. వాళ్ల చేతి పని పైలట్ కళ్ల ముందు ముల్లై తిరిగేది. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1971 యుద్ధంలో నడిపింది ఆ విమానాన్నే. అంతరిక్షానికి పోయి వచ్చాక, నాసిక్ దగ్గర పరీక్షించడానికి ఎక్కిన మిగ్-21లోంచి సీటుతో సహా బయటికి దూకి బతికాడు. అంతరిక్షంలో పడని గండం నాసిక్‌లో పడింది.

నల్లమల దగ్గరికి వద్దాం. 2009 సెప్టెంబరు 2 ఉదయం 8:38కి బేగంపేటలో లేచిన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ చిత్తూరు చేరలేదు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి శ్రీశైలం దాకా, కృష్ణ దాటి ఆత్మకూరు దాకా నల్లమల అంతా ఒకటే అడవి. ఆ పొద్దు మబ్బు చెట్ల మీదికి దిగి ఉంది. పగలంతా హెలికాప్టర్లు తిరిగాయి. చెంచులు అడవిలోకి నడిచారు. రాత్రయ్యాక, వేడిని బట్టి చిత్రాలు తీసే పరికరంతో వాయుసేన సుఖోయ్-30ని దింపింది.

ఆలోచిస్తే ఇది కూడా వింతే. ధ్వని కంటే వేగంగా పోయి శత్రు విమానాన్ని కూల్చడానికి పుట్టిన యంత్రం, వానకు తడిసిన అడవిలో పడిపోయిన హెలికాప్టర్‌ను వెతకడం. వేడి పరికరం చూసేది తేడాను. చుట్టూ ఉన్నదాని కంటే వెచ్చగా ఉన్నది కనిపిస్తుంది. మబ్బు మధ్యలో అడ్డం వస్తే, వాన అన్నిటినీ ఒకే చల్లదనానికి తెస్తే, అది గుడ్డిదే. తెల్లారి హెలికాప్టర్లు వెతికితేనే పావురాలగుట్ట మీద శకలాలు కనబడ్డాయి. అయిదుగురిలో ఒక్కరూ బతకలేదు.

ఆ ఏడాది సుఖోయ్‌కూ కలిసిరాలేదు. ఏప్రిల్ 30న రాజస్థాన్‌లో మొదటిసారి ఒకటి కూలి పైలట్ చనిపోయాడు. మొత్తం సుఖోయ్‌లను కొన్నాళ్లు నేల మీదే ఆపారు. నవంబరు 30న ఇంకోటి కూలింది. 2014 అక్టోబరులో పుణె దగ్గర జరిగింది మరీ విడ్డూరం. దిగబోతున్న సుఖోయ్‌లో ఇద్దరు పైలట్ల సీట్లు, వాళ్లు మీట లాగకుండానే, వాటంతట అవే పేలి వాళ్లను బయటికి విసిరేశాయని వాయుసేన చెప్పింది. తయారు చేసిన రష్యా వాళ్లు ఒప్పుకోలేదు. ఇద్దరూ క్షేమం, విమానం పొలంలో. ఎవరు చెప్పింది నిజమో గానీ, ఆ ఇద్దరి మాటే నాకు నమ్మబుద్ధేస్తుంది.

నల్లమల గాలింపు అయిన నెలకే, 2009 అక్టోబరు మొదట్లో, తుంగభద్ర పొంగి ఆలంపూర్, రాజోలి మునిగాయి. అన్నం పొట్లాలతో వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి. మా వైపు జనం వాయుసేనను ముఖాలు కనపడేంత దగ్గరగా చూసింది అప్పుడే.

రాజధాని చుట్టూ ఉన్న పల్లెలకు ఆ దగ్గరితనం వేరే రకం. హకీంపేటలో శిక్షణ పొందేవాళ్ల కిరణ్ జెట్లు 2017 సెప్టెంబరులో కీసర దగ్గర, 2018 నవంబరులో యాదాద్రి జిల్లా బాహుపేట దగ్గర కూలాయి. రెండుసార్లూ పైలట్ పారాచూట్‌తో దిగాడు. బీదర్‌లో 2008 ఫిబ్రవరిలో ఘనంగా చేర్చుకున్న హాక్ జెట్లలో ఒకటి రెండు నెలలకే లేస్తూ పడింది. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర రావెల్లిలో కూలిన పిలాటస్ శిక్షణ విమానం మాత్రం జెట్ కాదు, ముందు ఫ్యాను తిరిగేది. అందులోని ఇద్దరూ చనిపోయారు.

పాలమూరుకు విమానాశ్రయమంటే ఏళ్లుగా వినబడే పేరు గుడిబండ. కొత్తకోట దాటి హైదరాబాద్ వైపు పోతే వస్తుంది. ఈలోగా మాకున్న రన్‌వే జాతీయ రహదారి 44 ఒక్కటే, దాని మీద దిగేవి లారీలు. ఆంధ్రలో రహదారి మీదే యుద్ధ విమానాలకు దారి వేశారు, బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర. 2022 డిసెంబరు 29న సుఖోయ్, తేజస్ దాని మీదుగా తక్కువ ఎత్తున ఎగిరి చూశాయి. అంతకు నెలన్నర ముందు అదే మండలంలో, హోటలుగా మార్చడానికి ట్రైలర్ మీద హైదరాబాద్ తెస్తున్న పాత ఎయిర్‌బస్ ఒకటి అండర్‌పాస్ కింద ఇరుక్కుపోయింది. ఊళ్లన్నీ సెల్‌ఫోన్లతో తరలివచ్చాయి.

రోడ్డు మీద విమానాల కథల్లో నాకు ఇష్టమైంది లక్నోది. 2021 నవంబరులో జోధ్‌పూర్ పోతున్న ట్రక్కులోంచి మిరాజ్ యుద్ధ విమానం టైరు ఒకటి పోయింది. పత్రికల్లో రాగానే ఇద్దరు మనుషులు దాన్ని తెచ్చి వాయుసేన గేటు దగ్గర అప్పజెప్పారు. రోడ్డు మీద దొరికింది, లారీ టైరు అనుకున్నామని చెప్పారట.

పెబ్బేరు సంత రోజు, మేకల లారీల మధ్య పంక్చరు కొట్టు నడిపే ఆయనకు ఈ కథ చెప్పాను. నవ్వలేదు. ట్యూబును నీళ్లలో ముంచి బుడగ కోసం చూస్తూనే అడిగాడు: 'లారీ టైరుకు నూటపది, నూట ఇరవై పడ్తది. దానికెంత గాలి పడ్తదన్నా?'