భయపెట్టిందీ దెయ్యమే... బతికించిందీ దెయ్యమే!

అర్ధరాత్రి. శ్మశానం. చెట్టుకు వేలాడే శవం. దాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు. ఆ శవంలోంచి కథలు చెప్పే బేతాళుడు. 'చందమామ' చదివిన ఇళ్లలో ఈ దృశ్యం తెలియనివారుండరు. మరి దీన్ని ఎలా చదవాలి? దెయ్యం నిజంగానే మాట్లాడిందనుకోవాలా, దాని వెనక ఇంకేదో ఉందనుకోవాలా?

1947లో మొదలైన ఆ పత్రికలో బేతాళుడు ఎన్నో ఏళ్లపాటు నెలకో కథ చెప్పాడు. రాజు నోరు విప్పగానే మళ్లీ చెట్టెక్కేశాడు. అందుకే చాలామందికి ఆరంభమే తెలుసు, ముగింపు తెలీదు. ఆ ముగింపు కావాలంటే 11వ శతాబ్దపు కశ్మీర కవి సోమదేవుడి 'కథాసరిత్సాగరం' దాకా వెళ్లాలి.

పండులో రత్నం

గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురం... అంటే ఇప్పటి మహారాష్ట్రలోని పైఠణ్. మనం విక్రమార్కుడని పిలిచే రాజు అక్కడ త్రివిక్రమసేనుడు. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకొచ్చి ఆయనకో పండు ఇచ్చి వెళ్తుంటాడు. ఓరోజు ఆ పండును కోతి కొరికితే లోపల్నుంచి రత్నం బయటపడుతుంది. అంతకుముందు ఇచ్చిన పండ్లలోనూ రత్నాలే! ఎందుకిదంతా అని అడిగితే, మంత్రసాధనకు వీరుడి సాయం కావాలంటాడు. శ్మశానంలోని శవాన్ని తెచ్చిపెట్టమంటాడు. రాజు మాటిచ్చేస్తాడు.

ఇక బేతాళుడి కథలు మొదలు. ప్రతి కథ చివరా ఓ చిక్కు ప్రశ్న. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం తిరిగి చెట్టుమీదికి! ఆఖరి ప్రశ్నకు మాత్రం రాజుకు జవాబు తెలీదు. మౌనంగా నడుస్తూనే ఉంటాడు. బేతాళుడు మెచ్చి అసలు గుట్టు విప్పుతాడు. భిక్షువు బలివ్వాలనుకుంటున్నది రాజునే! సాష్టాంగపడమంటే, ఎలాగో ముందు చేసి చూపించమని అడగమంటాడు. రాజు అలాగే అడిగి, నేలమీద పడుకున్న భిక్షువు తల నరుకుతాడు.

ఎవరికి భయపడాలి?

భయపెట్టినవాడు ప్రాణం కాపాడాడు. కానుకలిచ్చినవాడు ప్రాణం తీయబోయాడు. శవాన్నీ శ్మశానాన్నీ మాత్రమే చూసి వణికితే ఈ మలుపు కంటపడదు. అలాగని బేతాళుడంటే మనసు, శవమంటే కర్మ అని అర్థాలు చెప్పుకుంటూ పోతే కథ చప్పబడిపోతుంది. భుజమ్మీద నిజంగా దెయ్యం ఉంటేనే కదా రాజు ధైర్యానికి విలువ! చదువుతున్నంతసేపూ దెయ్యాన్ని నమ్మాలి. పుస్తకం మూశాక ఆలోచించాలి.

ఇది కథల గొడవే కాదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన పల్లెల్లోనూ జరిగాయి. దెయ్యం పట్టిందని చెప్పి వాతలు పెట్టే, డబ్బు గుంజే మంత్రగాళ్లూ ఉన్నారు. అక్కడ దెబ్బ కొట్టే చెయ్యి దెయ్యానిది కాదు, మనిషిదే. దెయ్యం పేరు చెప్పి సాయం అడిగేవాడికి కావలసిందేమిటో ముందు చూసుకోమని ఆ పాత కథ ఎప్పుడో హెచ్చరించింది.

కాబట్టి పిల్లలకు బేతాళ కథలు హాయిగా చెప్పొచ్చు. కాసేపు భయపడనివ్వండి. ఆ తర్వాత బేతాళుడిలాగే ఓ ప్రశ్న వేయండి. 'ఇంతకీ రాజు భయపడాల్సింది ఎవరికి?' జవాబు చెప్పకపోతే తలేమీ పగలదు. చెబితే మాత్రం వాళ్లకు కథ అర్థమైనట్టే!