పసికండ్ల నీటికాసులు

కండ్లు పెద్దవైన శిశువును చూచి అందరు ముచ్చటపడుదురు. కాని ఆ కండ్లు వెలుతురును సహింపక, నీరు కారుచు, మసకబారుచున్నచో అవి పుట్టునీటికాసుల లక్షణములు. కంటిలో ఎల్లప్పుడు ఊరు ద్రవము వెలికిపోవు దారి సరిగా ఏర్పడక పీడనము పెరుగును. పసివాని కంటిగోడ మెత్తన గనుక గుడ్డు బుడగవలె సాగును. లోపల దృష్టినాడి నలిగిపోవును. నలిగిన నాడి మరల చిగురింపదు.

ఈ వ్యాధి పాశ్చాత్య దేశములలో పదివేల శిశువులలో ఒకరికి వచ్చునని అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మందిలో ఒకరికి. మేనరికము ఒక కారణము. సి.వై.పి.1బి1 అను జన్యువు లోపము దీనికి మూలమని 1997లో తెలిసినది. ఆ లోపము తల్లిదండ్రులిరువురి నుండియు సంక్రమించిననే వ్యాధి పుట్టును.

హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ఈ శిశువుల చికిత్సనే తన పరిశోధనగా చేసికొనెను. మొయినాబాదు, చేవెళ్లల నుండి నగరము దూరమేమీ కాదు. పెద్దకండ్లు అందమనుకొన్నచో మాత్రము నెలలు గడచును. అప్పటికి నల్లగుడ్డు మీది పొర పాలవలె తెల్లబడి, దానిగుండా లోపలికి చూచి చేయు శస్త్రచికిత్సకు వీలుండదు. అందుచే ఆయన సహజమైన కాలువను తెరచుట, కొత్త దారి వేయుట అను రెండింటిని ఒకేసారి, అదియు మొదటి చికిత్సగానే, నెల నిండని శిశువులకు సైతము చేసి ఫలితములను ప్రకటించెను. 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారము లభించినది. శస్త్రచికిత్స జరిగిన కంటికి పీడన పరీక్ష జీవితాంతము తప్పదు. ఆ ఇంట తరువాత పుట్టిన బిడ్డను మొదటి వారములోనే చూపవలెను.