నిదానమే ప్రధానము: ఇంటి ముంగిట కదలని కారు

భోగినాటి తెల్లవారుజామున, ఊరికి పోవుటకై సామానులన్నియు సర్ది, పిల్లలను వెనుక సీటులో కూర్చుండబెట్టి తాళపుచెవి త్రిప్పగా, మా చిన్న పెట్రోలు కారు టకటకమను సన్నని చప్పుడు మాత్రము చేసి ఊరకుండెను. మరల త్రిప్పితిని, మరల అదే చప్పుడు. చుట్టు చేరినవారిలో ఒకరు బ్యాటరీ చచ్చినదనిరి. ఒకరు సెల్ఫు మోటారు పోయినదనిరి. మరియొకరు తోసి చూతమని చేతులు మడచిరి. ఆర్టీసీ డిపోలో చాలకాలము మెకానిక్కుగా పనిచేసి విరమించిన మా పొరుగింటి పెద్దాయన మాత్రము నోటిలోని వేపపుల్ల తీసి, "తాళం తిప్పడం ఆపండి బాబూ. ముందు లైట్లు వేసి, సెల్ఫు కొట్టేటప్పుడు వాటినే చూడండి. అది ఏం చెబుతుందో విందాం" అనిరి.

నిదానమను శబ్దమునకు మన వాడుకలో రెండర్థములు కలవు. ఆయుర్వేదమున నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట; మాధవనిదానమను వైద్యగ్రంథమునకు ఆ పేరు అందుచేతనే వచ్చినది. తెలుగువారి నోట నిదానమనగా తొందరపాటు లేకుండుట. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పు సామెత రెండవ యర్థముననే పుట్టినదైనను, కదలని కారుముందు నిలుచున్నవానికి ఆ రెండర్థములును ఒక్కటియే యగును. తొందరపడినవానికి కారణము దొరకదు. కారణము దొరకనివాని చికిత్స చీకటిలో విసరిన రాయి వంటిది.

కారు నడచుట వేరు, బయలుదేరుట వేరు. నడచుచున్న ఇంజను తన్ను తానే నడపుకొనును. ఒక సిలిండరులో మండిన యింధనపు బలమే తరువాతి సిలిండరులో గాలిని అదుముటకు చాలును. నిశ్చలముగా నున్న ఇంజనుకు మాత్రము ఆ తొలి బలము వెలుపలినుండి రావలెను. 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఒట్టో నాలుగు ఘాతముల యంత్రమును నిర్మించిన నాటినుండి నేటివరకును ఈ నియమము మారలేదు. పూర్వము ఆ బలము మనుష్యుని భుజమునుండియే వచ్చెడిది. కారు ముందు నిలిచి ఇనుప హ్యాండిలు త్రిప్పునప్పుడు ఇంజను వెనుకకు తన్ని మణికట్టులు విరుగుట ఆ కాలమున సామాన్యము. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ మోటారును 1912 నమూనా కాడిలాక్ కారులో అమర్చినప్పటినుండి ఆ శ్రమయు, ఆ ప్రమాదమును తొలగిపోజొచ్చెను. ఆ మోటారునే మనము నేడు సెల్ఫు అనుచున్నాము.

తాళపుచెవి త్రిప్పుటతో ఒక గొలుసు కదలును. బ్యాటరీలోని విద్యుత్తు సోలినాయిడు అను అయస్కాంతపు మీటను లాగును. ఆ మీట బలమైన స్పర్శలను కలిపి సెల్ఫు మోటారుకు ప్రవాహమును విడుచును. మోటారు ఇంజనును నిమిషమునకు సుమారు 200 చుట్లు త్రిప్పును. ఇంతలో పంపు పెట్రోలును అందించును, కాయిలు 12 వోల్టులను ఇరువది వేల వోల్టులకు పైగా పెంచి ప్లగ్గు కొనయందు నిప్పురవ్వను పుట్టించును. ఈ గొలుసులో ఏ లంకె తెగినను ఫలితమొక్కటే: కారు కదలదు. కావున మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, 'కారు ఏల కదలదు?' అనునది కాదు, 'ఇంజను తిరుగుచున్నదా, లేదా?' అనునది. ఈ యొక్క ప్రశ్న గొలుసును నడిమికి విరిచి, సగము సందేహములను ఒక్కసారిగా కొట్టివేయును.

ఇంజను తిరుగనిచో దోషము బ్యాటరీకిని సెల్ఫునకును నడుమ నున్నది. అప్పుడు చెవి యొగ్గి వినవలెను. ఎడతెగని టకటక చప్పుడు వచ్చినచో సోలినాయిడు మీటను లాగుచున్నదనియు, లాగినంతనే మోటారు విపరీతముగా ప్రవాహమును కోరుటచే వోల్టేజి క్రుంగి మీట విడిపోవుచున్నదనియు, విడిపోగానే వోల్టేజి కోలుకొని మరల లాగుచున్నదనియు గ్రహింపవలెను. ఇది శక్తి చాలమికి గుర్తు. ఒక్కసారి మాత్రమే 'టక్' మని, లైట్లు కాంతి తగ్గక వెలుగుచున్నచో, బ్యాటరీ బాగుగనే యున్నది. సోలినాయిడు స్పర్శలు కాలియో, మోటారులోని కార్బను బ్రష్షులు అరిగియో యుండవచ్చును. లైట్లు వెలుగుచుండగా ఏ చప్పుడును రానిచో, ఆటోమేటిక్ కారులో గేరు పార్కులోనో న్యూట్రలులోనో లేకపోవుట, కొన్ని కొత్త కార్లలో క్లచ్చి పూర్తిగా నొక్కకపోవుట, ఫ్యూజో రిలేయో చెడుట మొదలగు చిన్న కారణములను ముందు చూడవలెను.

మా కారులో లైట్లు చక్కగా వెలిగినవి. సెల్ఫు కొట్టినంతనే మాత్రము గుడ్డిదీపములైనవి. "లైట్లు వెలుగుతున్నాయి గదా, బ్యాటరీ బాగున్నట్టే" అని యొకరనగా, "దీపానికి చాలిన కరెంటు సెల్ఫుకి చాలదు. అలాగని బ్యాటరీదే తప్పనీ చెప్పలేం" అని పెద్దాయన బానెట్టు లేపిరి. బ్యాటరీ టెర్మినలు చుట్టును తెల్లనిది, కొంత పచ్చకలిసినదియునగు పొడి పూచియుండెను.

ఆ పొడి మహిమను ఓము సూత్రము తేటపరచును. ఒక తీగయందు హరించు వోల్టేజి, ఆ తీగ నిరోధమును ప్రవాహముచే గుణించినంత. పొడి కారణముగా క్లాంపునకును టెర్మినలునకును నడుమ ఒక ఓములో ఇరువదవవంతు నిరోధము చేరినదనుకొందము. కారులోపలి చిన్న దీపమునకు కావలసినది సుమారు 0.4 ఆంపియర్లు, అచ్చట హరించునది 0.02 వోల్టులు, దీపము దానిని గమనింపనైన గమనింపదు. సెల్ఫు మోటారు చిన్న కారులోనే నూరు ఆంపియర్లకు పైగా కోరును. నూరాంపియర్లకు లెక్కించినను 5 వోల్టులు ఆ పొడియందే హరించుకొనిపోవును. పన్నెండింటిలో ఐదు పోగా మోటారునకు మిగులునదేమి? పిల్లకాలువకు అడ్డుపడని పూడిక వరదను నిలిపివేసినట్లు, చిన్న ప్రవాహమునకు కానరాని దోషము పెద్ద ప్రవాహమునకు గోడయై నిలుచును.

చికిత్స వంటింటిలోనే యున్నది. ఆ పొడిలో ఆమ్లశేషముండును. వేడినీటిలో వంటసోడా కలిపి పోసినచో పొంగి, ఆమ్లము శమించి, పొడి కరగిపోవును. ఆ నీరు బ్యాటరీ మూతలగుండ లోనికి దిగరాదు. క్లాంపులను విప్పునప్పుడు ఋణధ్రువమునే ముందు విప్పవలెను, బిగించునప్పుడు దానినే చివర బిగింపవలెను. కారు ఇనుపదేహమంతయు ఋణధ్రువమునకే కలిసియుండును గనుక, అది యుండగా ధనధ్రువముపై పెట్టిన స్పానరు పొరపాటున దేహమును తాకినచో వందల ఆంపియర్లు ఆ స్పానరు గుండ దూకి దానిని ఎఱ్ఱగా కాల్చగలవు. చేతి యుంగరములను ముందే తీసివేయుట మేలు. శుభ్రపరచి, ఆరబెట్టి, బిగించి, కొంచెము వ్యాసలీను పూసిన పిమ్మట తాళము త్రిప్పగా మా కారు ఒక్క పెట్టున గర్జించెను.

నిజముగా బ్యాటరీయే డీలాపడిన సందర్భములును తక్కువ కావు. 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే మూలసూత్రము మారక నేటికిని మన కార్లను లేపుచున్నది. సీసపు పలక యొకటి, సీసపు డయాక్సైడు పలక యొకటి గంధకామ్లమున మునిగియుండును; శక్తి నిచ్చుకొలది రెండు పలకలును సీసపు సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచబడును. ఒక్కొక్క అర ఇంచుమించు 2.1 వోల్టుల నిచ్చును, అట్టివి ఆరు. రాత్రియంతయు విశ్రమించిన బ్యాటరీ మల్టీమీటరుపై 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నది, 12.2 చూపినచో సగమైనది, 11.9కి దిగినచో దాదాపు వట్టిపోయినది. సెల్ఫు కొట్టునప్పుడు 9.6 కంటె దిగజారినచో అది బలహీనమైనదని యెరుగవలెను. ఇంజను నడచునప్పుడు సుమారు 13.8 మొదలు 14.4 వరకు చూపనిచో, దోషము బ్యాటరీది కాదు, దానిని నింపవలసిన ఆల్టర్నేటరుది.

ఎట్లు వట్టిపోయినదో లెక్క వేసియు తెలిసికొనవచ్చును. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ గంటలదనుకొందము. మరచిన హెడ్‌లైట్లు పది ఆంపియర్ల చొప్పున మూడున్నర గంటలలో దానిని త్రాగివేయును. లోపలి దీపము మూడున్నర దినములలో ముగించును. ఏమియు మరువకున్నను, గడియారము, దొంగల అలారము మొదలగునవి 50 మిల్లీఆంపియర్లు పీల్చినచో ఒక నెలకు హరించును. సెల్ఫును త్రిప్పు బలము అంతకంటె ముందే పోవును. ఇక మన ఎండల సంగతి వేరుగ చెప్పవలెను. వైశాఖజ్యేష్ఠముల వేడి పలకల చట్రమును తినివేయును, నీటిని ఆవిరి చేయును. అయినను ఆ బ్యాటరీ ఎట్లో నెట్టుకొనివచ్చి పుష్యమాసపు చలి ఉదయమున పడిపోవును. మనము చలిని నిందింతుము. గాయము చేసినది ఎండ.

పొరుగు కారునుండి జంపర్ కేబుళ్లతో శక్తిని అరువు తెచ్చునప్పుడు వరుస తప్పరాదు. ముందు వట్టి బ్యాటరీ ధనధ్రువము, పిదప మంచి బ్యాటరీ ధనధ్రువము, తరువాత మంచిదాని ఋణధ్రువము; నాలుగవ కొనను వట్టి బ్యాటరీకి గాక, ఆ కారు ఇంజనులో రంగు లేని ఇనుపభాగమునకు దూరముగా తగిలింపవలెను. ఏలన, ఆ చివరి కూడికయందే నిప్పురవ్వ లేచును. బ్యాటరీపై ఉదజని వాయువు తారాడుచుండును. గాలిలో నూటికి నాలుగు పాళ్లున్నను అది అంటుకొని పేలగలదు. తోసి లేపుట గేర్లు చేతితో మార్చు కారుకు మాత్రమే పనికివచ్చును: రెండవ గేరులో క్లచ్చి నొక్కి తోయించి, వేగము రాగానే క్లచ్చి విడిచినచో చక్రములే సెల్ఫు పని చేయును.

ఇంజను ఉత్సాహముగా తిరుగుచున్నను మండనిచో బ్యాటరీ జోలికి పోనక్కరలేదు. ఇప్పుడు ప్రశ్నలు మూడు: ఇంధనమా, నిప్పురవ్వయా, గాలియా? తాళమును మొదటి మెట్టునకు త్రిప్పగానే వెనుక సీటు క్రింద పంపు రెండు క్షణములు 'జుయ్' మనవలెను. అననిచో దాని ఫ్యూజును, రిలేను చూడవలెను. అదే నమూనా హారను రిలేను దాని స్థానమున పెట్టి చూచుట చక్కని పరీక్ష. ఇమొబిలైజరు దీపము మిణుకుమిణుకుమనుచున్నచో తాళములోని చిప్పును కారు గుర్తింపలేదు. రెండవ తాళముతో యత్నింపవలెను. పెట్రోలు వాసన ఘాటుగా నున్నచో ప్లగ్గులు తడిసినవి. కొంతసేపు ఆగి, యాక్సిలరేటరును అడుగంట నొక్కి ఐదారు క్షణములు సెల్ఫు కొట్టినచో చాల కార్లలో కంప్యూటరు ఇంధనమును ఆపి లోపల ఆరనిచ్చును. వాడక నిలిపిన కారులో ఎలుకలు వైర్లు కొరికినవేమో టార్చిలైటుతో వెదకుట మన ఊళ్లలో మరువరాని పని. ఎట్లు యత్నించినను సెల్ఫును పది క్షణములకు మించి ఒక్క బిగిన కొట్టరాదు, మోటారు కాలిపోవును.

మన చేయి ఆగవలసిన చోటులును కలవు. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడ వీధులను ముంచినప్పటివలె నీట మునిగిన కారును ఎన్నడును లేపజూడరాదు. గాలి అదుముడుపడును, నీరు పడదు. సిలిండరులో నీరుండగా పిస్టను ఎగబ్రాకినచో కడ్డీ వంగి ఇంజనే నాశనమగును. ఇంధనము కారుచున్నప్పుడును, వైరు కాలిన వాసన వచ్చినప్పుడును తాళము తీసి దూరముగా నిలిచి మెకానిక్కును పిలుచుటయే వివేకము. మూసిన గ్యారేజీలో ఇంజనును నడిపి చూచుట ప్రాణాంతకము.

ఆ భోగినాడు దారిపొడవునను నేనొక సంగతిని తలపోయుచునే యుంటిని. చుట్టు చేరినవారి మాట విని కొత్త బ్యాటరీ తెప్పించియున్నచో, బిగించువాడు క్లాంపులను గీకి శుభ్రపరచియే బిగించియుండును, కారు కదలియుండును, పాత బ్యాటరీ చచ్చినదని అందరమును రూఢిగా నమ్మియుందుము. అబద్ధపు కారణమునకు నిజమైన ఫలితము సాక్ష్యము పలికియుండును! కారు కదలుట కారణము తెలిసినదనుటకు ఋజువు కాదు. అందుచేతనే మన తార్కికులు అన్వయవ్యతిరేకములను పట్టుకొనిరి: ఉన్నప్పుడు ఉండుటయు, లేనప్పుడు లేకుండుటయు చూడనిదే కారణమని చెప్పరాదు. ఒకసారికి ఒక్కదానినే మార్చి, ఫలితమును చూచి, పిమ్మటనే రెండవదానిపై చేయి వేయవలెను. పెద్దాయన ఆనాడు బ్యాటరీని తాకలేదు, మోటారును తాకలేదు. పొడిని మాత్రము కడిగిరి. అదే బ్యాటరీ ఆ తరువాత రెండు సంక్రాంతులకు మమ్ములను ఊరు చేర్చెను.